అరంగుళం తక్కువ ఎడం చేయి

ఇది ఒక మహా సంగ్రామ గాథ. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు బలిష్ఠుడు, రాజ్యంలో పనులన్నీ వాడివే, పేరంతా వాడిదే. చిన్నవాడు అన్న నీడలో పెరిగి ఆ నీడలోనే చిక్కిపోయాడు. వాడు చిక్కిపోయేసరికి ఒక వంశమంతా గడగడ వణికింది. ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ఆకాశంలో ఉరుములున్నాయి.

అన్నీ అబద్ధాలు. ఏనుగుల్లేవు. అన్నదమ్ములంటే నా కుడి చేయి, ఎడం చేయి. రాజ్యమంటే చిత్తూరులో మా నాయన నడిపే మినరల్ వాటర్ ప్లాంటు. వణికిన మాట మాత్రం నిజం. వణికింది నేనూ, మా అమ్మా. అదీ ఒకరికి తెలియకుండా ఒకరం.

నేను ఆ ప్లాంటు నుంచి ఇళ్ళకు నీళ్ల క్యాన్లు వేస్తాను. క్యాను కుడి భుజం మీద, ఎడం చేయి మెట్ల పక్క కమ్మీ మీద. డిగ్రీ చదివాను కానీ క్యాన్లు మోయడానికి అదేమీ అడ్డం రాలేదు. రోజంతా బరువులెత్తేవాడు సాయంత్రం డబ్బులిచ్చి మరీ బరువులెత్తడం ఏమిటని అడక్కండి, మా వీధిలో కుర్రాళ్ళందరూ జిమ్‌లో చేరారు, నేనూ చేరాను.

మొదటి వారమే కోచ్ నన్ను అద్దం ముందు నిలబెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం అబ్బా, ఎడం చెయ్యి ఇంట్లో మరిచిపోయి మీ తమ్ముడిది తగిలించుకోనొచ్చినావా?"

టేపు చుట్టి చూశాడు. అరంగుళం తక్కువ.

"దీనికేం బయపడబల్లేదు. రాడ్డు జోలికి పోవాకు, డంబెల్ పట్టు. ముందు ఎడం చేత్తో చెయ్. అది ఎన్నిసార్లు ఎత్తితే కుడి చేత్తో గూడా అన్నిసార్లే. ఒక్కటి గూడా ఎక్కువ ఎత్తొద్దు. నెలలు పడ్తాది, సర్దుకుంటాది."

ఇంత మంచి సలహా విన్నవాడు హాయిగా ఇంటికి పోయి అన్నం తిని పడుకోవాలి. నేను పడుకోలేదు. ఎందుకంటే మా మామ.

మామ అంటే అమ్మకు అన్న. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆయన ఎడం చేయి సన్నబడింది. మొదట చొక్కా గుండీలు జారేవి. "గుండీలు నా మీద అలిగినాయి రా అల్లుడా" అని ఆయనే నవ్వించేవాడు. తర్వాత ఆ చేతి చర్మం కింద కండ దానంతటదే అదిరేది, లోపల ఏదో పురుగు కదిలినట్టు. తర్వాత కుడి చేయి, కాళ్ళు, ఆఖరికి మాట. చివర్లో మా అమ్మే అన్నం మెత్తగా పిసికి నోట్లో పెట్టేది. డాక్టర్లు ఆ జబ్బుకు ఇంగ్లీషులో పొడుగాటి పేరు చెప్పారు. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకరు. "మామకొచ్చిండేది" అంటారు, అంతే.

నా జోకులన్నీ మామ దగ్గర్నుంచే వచ్చాయని చుట్టాలంతా అంటారు. ఆయన దగ్గర్నుంచి ఇంకేమేమి వచ్చాయో అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది ఆ జిమ్ అద్దం ముందే.

కోచ్ చెప్పింది సగమే విన్నాను. ముందు ఎడం చేయి, సరే. తర్వాత కూడా ఎడం చేయే. కుడి చేతికి పూర్తిగా సెలవు. క్యాను ఎడం భుజానికి మార్చాను. బకెట్లూ బండి తాళాలూ తలుపు గొళ్ళేలూ అన్నీ ఎడం చేత్తోనే. ఎడం చేతి వాటం వాళ్ళు మన ఊళ్ళలో ఎన్ని తిట్లు తింటారో అప్పుడు తెలిసింది. టీ అంగడి దగ్గర ఒక పెద్దాయనకు గ్లాసు అందిస్తే ఆయన దాన్ని పాముని చూసినట్టు చూశాడు.

"ఎడం చేత్తో ఇస్తావేంది అప్పా? కుడి చేతికేమొచ్చినాది?"

"కుడి చేతికేం రాలేదు తాతా. ఎడం చేతికి ఏమైనా వచ్చినాదేమోనని సూస్తా ఉండా."

అంగట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. గ్లాసు అందించిన వేళ్ళు కొంచెం వణుకుతుంటే చప్పున జేబులో పెట్టుకున్నాను.

ఆ వణుకు పోలేదు. కొన్నాళ్ళకు మోచేతికి పైన కండ అదరడం మొదలైంది. నేను కదపకుండానే, దానంతటదే. బస్సు ఇంజను ఆపేశాక కూడా అద్దాలు కాసేపు గజగజమంటాయే, అట్లా. స్నానాల గదిలో బనీను విప్పి చూస్తూ నిలబడేవాణ్ణి. చర్మం కింద చిన్న అల, మళ్ళీ ఇంకో అల. బయటి నుంచి అమ్మ "నీళ్ళు సల్లారిపోతాయి రా" అని అరిస్తే, "నీళ్ళు కాదు మా, నేనే సల్లారిపోతా ఉండా" అని అరిచాను. అమ్మ నవ్వింది. నేను మళ్ళీ చేయి వైపు చూశాను.

అమ్మకు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అన్నకు అన్నం పెట్టిన చేతులతో కొడుక్కి కూడా పెట్టమని ఎట్లా చెప్పడం?

చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒకరోజు పొద్దున చొక్కా గుండీలు ఎడం చేత్తో ఒక్కదాంతోనే పెట్టుకుంటున్నాను. పరీక్ష అన్నమాట. పడితే పాసు, జారితే ఫెయిలు. పై గుండీ జారింది. మళ్ళీ పట్టాను, మళ్ళీ జారింది. తలెత్తితే గుమ్మంలో అమ్మ. చేతిలో గరిటె ఉంది. వంటింట్లో పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తోంది, ఆమె కదల్లేదు.

"ఎన్నాళ్ళుగా?" అంది.

"ఏంది మా?"

"యాలాకోలాలొద్దు. నువ్వు ఎడం చేత్తో బకెట్టు ఎత్తినప్పుడే సూసినా. మీ మామ గూడా ఇట్నే, ఎవురూ సూడనప్పుడు ఆ చేత్తో గుండీలు పెట్టి సూసుకుంటా ఉండె. నాకు తెలీదనుకున్నాడు." గరిటె పక్కన పెట్టింది. "రేపు తిరపతికి పోతా ఉండాం."

మర్నాడు బయల్దేరే ముందు అమ్మ నువ్వుల నూనె వెచ్చజేసి నా ఎడం చేతికి మర్దనా చేసింది. భుజం నుంచి వేళ్ళ కొసలదాకా, మళ్ళీ వేళ్ళ కొసల నుంచి భుజం దాకా. కుడి చేతి జోలికి పోలేదు. "దోసెలు పోస్తావా మా దీనిమీద?" అన్నాను. చేయి ఇంకా గట్టిగా పట్టుకుంది.

చంద్రగిరి దాటేదాకా బస్సులో ఇద్దరం కిటికీలోంచి కొండల్నే చూస్తూ కూచున్నాం. కొండకు ఎందుకు దండం పెట్టలేదని అమ్మను అడగబోయి ఆగాను. కొంగు కింద చేతులు జోడించే ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి, చేతులు నెట్టమని, గుంజమని చూసి, నరాల పరీక్ష రాశాడు. ఆ గదిలో ఒక టెక్నీషియనమ్మ, ఒక తెర, వైర్లు. అమ్మను తలుపు దగ్గర స్టూలు మీద కూచోబెట్టారు. బొటనవేలి దగ్గర చిన్న పట్టీలు అంటించి, మణికట్టు మీద కరెంటు పెడతారు. నరం బాగుంటే బొటనవేలు ఎగురుతుంది, తెర మీద గుట్ట లాంటి గీత లేస్తుంది.

"ముందు కుడి చెయ్యి. కొంచెం షాకు కొడ్తాది, కదలగూడదు."

కొట్టింది. బొటనవేలు ఎగిరింది, నేను అంతకన్నా ఎత్తు ఎగిరాను. తెర మీద చక్కటి గుట్ట లేచింది.

"మేడమ్, సెల్ ఫోను గూడా ఇక్కడే చార్జింగ్ పెట్టుకోవచ్చా?"

ఆ జోకు ఆమె రోజూ వింటుందని మొహం చూస్తే తెలిసింది. పట్టీలు ఎడం చేతికి మార్చింది. నేను పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నాను. షాకు ఎంతకీ రాలేదు.

"కొట్టండి మేడమ్."

"కొట్టినా."

కళ్ళు తెరిచాను. బొటనవేలు ఊరికే పడి ఉంది. తెర మీద గీత, మన జాతీయ రహదారి ఎక్కడా లేనంత చదునుగా, ఈ చివర నుంచి ఆ చివరకు పోతోంది. ఆమె ఏదో బటను తిప్పి ఇంకోసారి పెట్టింది. చీమ కుట్టినట్టు కూడా లేదు. అన్నిటికీ ఒక జోకు దొరికే నాకు ఆ క్షణాన నాలుక మీద ఒక్క మాట లేదు. మామకు చివర్న మాట పోయినప్పుడు లోపల ఇట్లాగే ఉండి ఉంటుందా అనిపించింది. తలుపు దగ్గర స్టూలు కిర్రుమంది. అమ్మ లేచి నిలబడి తెరనే చూస్తోంది. ఆమెకు ఆ గీతలు చదవడం రాదు. అయినా చదివేసింది.

"చచ్చిపోయినాదా మా, చెయ్యి?" అంది టెక్నీషియనమ్మతో.

ఆమె నా చేతి మీదికి వంగింది. బొటనవేలి పట్టీ ఊడిపోయి వైరుకు వేలాడుతోంది. వేలితో నా మణికట్టు రాసి, ఆ వేలిని లైటు కింద చూసుకుంది.

"చేతికి ఏం పూసినారు?"

అమ్మ తలుపు దగ్గర్నుంచే చెప్పింది. "నూనె. బలమొస్తాదని."

"ఎంత పూసినారు?"

"బాగానే."

"పో అబ్బా, ఆ మూల కొళాయి ఉండాది. సబ్బు పెట్టి మోచేతి దాకా కడుక్కోనిరా."

రెండుసార్లు రుద్ది కడుక్కుని, తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. కొత్త పట్టీలు అంటించింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. షాకు భుజం దాకా పాకింది. నేను పెట్టిన కేకకు పక్క గదిలోవాళ్ళు తొంగిచూశారు. బొటనవేలు ఎగిరింది. గుట్ట లేచింది, కుడి చేతి గుట్టంత గుట్ట. అమ్మ స్టూలు మీద కూలబడి ఏడ్చింది. నేను అరిచినందుకు అమ్మ అంతగా సంతోషించడం అదే మొదటిసారి.

డాక్టరు సూదులతో ఇంకో పరీక్ష కూడా చేసి, మామకొచ్చిండేది ఇది కాదన్నాడు. వాడకపోతే చేయి చిన్నదవుతుంది, మితిమీరి వాడితే అదురుతుంది. నేను రెండూ చేశాను. కొన్నాళ్ళు విశ్రాంతి, తర్వాత ముందు ఎడం, ఆ తర్వాత కుడి, రెంటికీ ఒకే లెక్క. అమ్మ అదే ప్రశ్న మూడు రకాలుగా అడిగింది, ఆయన మూడుసార్లూ ఒకే జవాబు చెప్పాడు. నాకు నమ్మకం కుదిరింది. అయినా ఇప్పటికీ బనీను విప్పినప్పుడు చూపు ముందు ఎడం వైపే పోతుంది.

బయటికొస్తుంటే టెక్నీషియనమ్మ అమ్మను ఆపి ఒక సంగతి చెప్పింది. నరాల పరీక్షకు వచ్చే రోజు చేతులకు నూనె పూసుకోకూడదు. పట్టీలు అంటుకోవు, కరెంటూ చర్మంలోకి దిగదు.