బాకా తమ్ముడూ, చిన్నక్కా

మా తమ్ముణ్ణి అందరూ బాకా అంటారు. బ్యాండులో వాడు వాయించేది బాకాయే, మామూలుగా మాట్లాడినా బాకా ఊదినట్టే ఉంటుంది. చుక్క పడందే ఏనాడూ వాయించింది లేదు. "లోపల వేడి లేకపోతే ఊపిరెక్కడిదే అక్కా?" అనేవాడు.

బ్యాండు సామాను మోసే వ్యాను కూడా వాడే నడిపేవాడు. ఒకనాడు తాగి నడిపి వీధి దీపస్తంభాన్ని కౌగిలించుకున్నాడు. స్తంభం వంగింది గానీ వీడు వంగలేదు. వీడి మెడలు కొత్త చట్టం వంచింది. జరిమానా కట్టించి, వ్యానులో ఒక యంత్రం బిగించారు. దాని గొట్టంలోకి నిండుగా, ఆగకుండా ఊదాలి. ఊపిరిలో మందు తగిలిందా, ఇంజను పలకదు. మళ్లీ పట్టుబడితే లైసెన్సు మీద ఆశ వదులుకోవలసిందే.

లవంగాలు నమిలి నన్ను ఏళ్ల తరబడి బోల్తా కొట్టించిన వాడి పప్పులు దాని దగ్గర ఉడకలేదు. మొదట్లో తుస్సుమని ఊదితే కీచుమని తిట్టి మళ్లీ ఊదించేది. వాడు దానికి చిన్నక్క అని పేరు పెట్టాడు. "నీకంటే ఇదే నయం. తిట్టి ఊరుకుంటుంది, పాతవి తవ్వదు" అనేవాడు.

తాగుడు మానాడు, వ్యాను నడిపాడు. బాకా మాత్రం ముట్టలేదు. మందు లేకుండా ఊదలేనని భయం. బ్యాండు మాస్టరు వాడి చోటికి ఇంకొకణ్ణి వెతకసాగాడు.

అంతలో నా మనవరాలి పెళ్లి వచ్చింది. "చిన్నతాతయ్య బాకా ఊదాలి, ఆయన వ్యానులోనే నేను అత్తారింటికి వెళ్లాలి" అని పట్టుబట్టింది. పెళ్లినాడు మాస్టరు కూడా తేల్చేశాడు. "ఇవాళ ఊదలేకపోతే బాకా ఇచ్చెయ్."

పెళ్లి హాల్లో వాడు బాకా ఎత్తాడు. దూడ అరిచినట్టు ఒక కూత వచ్చింది. మగపెళ్లివారు పగలబడి నవ్వారు.

వాడి బావమరిది, బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు, జేబులో సీసా తట్టి చూపించాడు. "ఒక్క గుక్క వెయ్ బావా. వ్యాను నేను నడుపుతాలే."

"నువ్వా? నీ నోటి కంపుకి ఇక్కడ నాకు తల తిరుగుతోంది!" అన్నాను. తర్వాత తమ్ముడి వైపు తిరిగాను. "ఒరేయ్, రోజూ పొద్దున్నే చిన్నక్కకి ఊదుతున్నావే, ఆ ఊపిరి ఏ సారా కొట్లో కొన్నావురా?"

వాడికి నవ్వు వచ్చింది. గుండె నిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఊదినట్టే నిదానంగా ఊదాడు. హాలు గోడలు మోగాయి. ఊదుతూనే ఉన్నాడు. మనవరాలు గిర్రున తిరుగుతూ ఆడింది. నవ్విన వియ్యపురాలే నా చెవిలో, "ఈయన గాలి సిలిండరు గానీ మింగాడా?" అంది. "మా వంశమే అంత" అన్నాను.

పెళ్లికూతురు వ్యానెక్కింది. అందరూ మూగి చూస్తుండగా వాడు గొట్టంలోకి ఊదాడు. పచ్చ దీపం వెలిగింది, ఇంజను పలికింది. బాకాకి కొట్టినదానికంటే ఎక్కువ చప్పట్లు దానికి కొట్టారు.

వాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "చిన్నక్క మెచ్చుకుంది. మరి పెద్దక్కో?"

"ముందు పిల్లని క్షేమంగా దింపి రా. అప్పుడు ఆలోచిస్తా" అన్నాను.