అవతలి ఒడ్డు అడ్రస్

మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా సరిత దగ్గరికే వస్తారు. కులం సర్టిఫికెట్, పంట బీమా, పిల్లల స్కాలర్‌షిప్, ఏదైనా సరే, ధాన్యం సొసైటీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి ఒక్క మాట అంటే చాలు. చేతిలో పని పక్కన పెట్టి, మరాఠీలో గుండ్రటి అక్షరాలతో నింపి ఇస్తుంది. అటువంటి మనిషి చివరికి తన సొంత కాగితం దగ్గరే బోల్తా పడింది.

పన్నెండో తరగతి అయ్యాక తోటివాళ్లంతా అహేరికి డిగ్రీ చదవడానికి పోతే, తను మాత్రం సీఏ చదువుతానంది. దానికి డిగ్రీ అక్కర్లేదు, నేరుగా చేరొచ్చని కరీంనగర్‌లో ఎవరో చెప్పారు. వాళ్లు చెప్పింది అబద్ధమేమీ కాదు. సీఏలో ఇంటర్ అనే మధ్య మెట్టు రెండు గ్రూపులూ ఒకే దెబ్బకు పాసైంది. ఇంట్లోవాళ్లు వాడంతా మిఠాయి పంచారు. ఆ తర్వాత ఫైనల్ పరీక్ష ఆమెను ఏడుసార్లు కింద పడేసింది. ఏడోసారితో పుస్తకాలు అటకెక్కాయి. ప్రాణహిత ఒడ్డున వరి వేసుకునే వినయ్‌కుమార్‌తో పెళ్లయింది. సొసైటీలో కాంట్రాక్టు మీద పని దొరికింది. అందులోనే పదకొండేళ్లు గడిచిపోయాయి.

ఈ జూన్‌లో అహేరి పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. డిగ్రీ ఉన్న కాంట్రాక్టు వాళ్లను పర్మనెంట్ చేస్తారట. లేనివాళ్లు మార్చి తర్వాత రానక్కర్లేదట. మేనేజర్ ప్రకాష్ ఆ కాగితం ఆమె ముందు పెట్టి తల దించుకున్నాడు.

"సీఏ దాకా చదివిండ్రు మేడమ్. డిగ్రీ లేదంటె ఎవలు నమ్ముతరు?"

నిజమే, ఎవరూ నమ్మరు. పెద్ద కొండలో సగం ఎక్కినదానికి, చిన్న గుట్ట ఎక్కినట్టు రుజువు లేదు. కొత్తగా డిగ్రీ మొదలుపెడితే మూడేళ్లు పడుతుంది. మార్చికి తొమ్మిది నెలలే ఉంది.

అప్పుడే ఒక దూరవిద్య విశ్వవిద్యాలయం సంగతి తెలిసింది. సీఏ ఇంటర్ పాసైనవాళ్లకు ఆ పాస్‌లను డిగ్రీలో క్రెడిట్లుగా కలుపుతారు. మిగిలిన నాలుగు పేపర్లు డిసెంబర్‌లో రాస్తే చాలు. కాకపోతే పాత పాస్‌లకు గడువుంది. సరితవి చెల్లేది ఈ ఒక్క ఏడాదే. ఆ రాత్రి ఆమె వినయ్‌కుమార్‌తో, పన్నెండేళ్ల కిందట అటకెక్కిన చదువు ఇప్పుడు పనికొచ్చిందని చెప్పి, చెబుతూనే ఏడ్చింది. మరునాడు అటక మీది పెట్టె దించి, మార్కుల జాబితాలకు పట్టిన దుమ్ము తుడిచి, దరఖాస్తు పంపింది.

ఆ పాస్‌లు నిజమైనవేనని సీఏ సంస్థ రాసి ఇవ్వాలి. విశ్వవిద్యాలయమే వాళ్లకు రాసింది. ఇక సరిత రోజూ పొద్దున ఫోన్‌లో చూసుకోవడం, అక్కడ 'పెండింగ్' అని ఉండటం. ఆగస్టు పోయింది. వానలకు అహేరి బస్సులు ఆగిపోయి మళ్లీ తిరిగాయి. సెప్టెంబర్ చివర ఆ మాట మారింది. అభ్యర్థి సమ్మతి గడువులోగా అందనందున దరఖాస్తు తిరస్కరించడమైనది.

ఏ సమ్మతి? ఎవరు అడిగారు? వెంటనే సీఏ సంస్థకు ఫోన్ చేసింది. అవతల మనిషి నెమ్మదస్తుడు, ఓపికగా వెతికి చెప్పాడు. సంతకం చేసి పంపమని జూలైలోనే రిజిస్టర్ పోస్టు వేశారు. ముప్పై రోజుల గడువు ఇచ్చారు. కవరు అందింది కూడా, నర్సక్క అనే ఆవిడ వేలిముద్ర వేసి తీసుకుంది.

నర్సక్క సరిత మేనత్త. గోదావరి అవతల, తెలంగాణలో ఉంటుంది. వంతెన లేని రోజుల్లో సిరొంచకు ఉత్తరం రావాలంటే అడవులన్నీ చుట్టి రావాలి, వానాకాలమైతే అదీ లేదు. అందుకని చదువుకునే పిల్లలంతా అవతలి ఒడ్డు చుట్టాల అడ్రస్ రాసేవారు. సరితా అలాగే రాసింది. తర్వాత వంతెన వచ్చింది, ఫోన్లు వచ్చాయి. ఊరందరి అడ్రస్‌లు మార్చి రాసిన ఈ మహాతల్లి తనది మార్చుకోవడం మరిచిపోయింది.

వంతెన దాటి వెళ్లేసరికి నర్సక్క వాకిట్లో మక్క కంకులు ఒలుస్తోంది. కవరు మాట ఎత్తగానే ఆమె ముఖం వాడిపోయింది. లోపలికి పోయి, పెట్టె అడుగున పట్టుచీర మడతల్లోంచి తెచ్చి ఇచ్చింది. మీద సీఏ సంస్థ బొమ్మ, అంటించింది అంటించినట్టే ఉంది.

"ఎందుకు చెప్పలేదత్తా?"

"గీ బొమ్మ కవరు ఏడు మాట్ల వచ్చింది బిడ్డా. ఏడు మాట్లా నువ్వు గీ గడపల కూసోని ఏడిస్తివి. రొండు రొండు దినాలు అన్నం ముట్టకపోతివి. మల్ల నా చేతులతోని ఎట్ల ఇయ్యాలె? అందుకే దాశిన."

సరిత కవరు చింపింది. సంతకం చేయవలసిన చోట చిన్న గీత, దాని కింద తన పేరు. ఒక్క సంతకం. అత్త మీద కోపం వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. వచ్చిందంతా తన మీదే. పదకొండేళ్లుగా ఎవరు వచ్చినా తను మొదట అడిగేది అడ్రస్ సరిగ్గా ఉందా అనే కదా. ఆ మాట తనను తాను ఒక్కసారి అడుక్కుని ఉంటే ఎంత బాగుండేది!

నర్సక్క భయంభయంగా ఆమె ముఖంలోకే చూస్తోంది.

"మల్ల ఫేలా బిడ్డా?"

నిజం చెబితే ఈ ముసలిది బతికినన్నాళ్లు కుమిలిపోతుంది. సరిత కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"కాదత్తా. పాసైన కాయిదమే."

నర్సక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందే ఇయ్యకపోతినని లెంపలు వేసుకుంటూ, లోపలికి పరుగున పోయి గుప్పెట్లో చక్కెర తెచ్చింది. సరిత నోరు తెరిచి, అత్త పెట్టిన చక్కెరంతా తిన్నది.