పెద్దాయన కళ్ళూ, మా తిరిగే లెన్సూ

నాకు గొప్పలు చెప్పుకోవడం అలవాటు. ఈ మాట మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు, మా ఆయన కాస్త గట్టిగానే ఒప్పుకుంటాడు. కాబట్టి మొదటే చెప్పేస్తాను. పాత లెన్సుల పిచ్చివాళ్ళకు ఇంటర్నెట్‌లో ఒక గుంపు ఉంది, అది మా బళ్ళారి నుంచి నడుస్తుంది, దాన్ని ఇన్నేళ్ళు బతికించినవాళ్ళలో నేనొకదాన్ని. ఒకదాన్ని అని మర్యాదకు అంటున్నాను గానీ, చాకిరీ చాలావరకు నాదే.

పాత లెన్సులంటే తమంతట తాము ఫోకస్ చేసుకోనివి. కెమెరా కొత్తదే ఉంటుంది. దాని మూతికి ఒక అడాప్టరు పెట్టి, రీలు కెమెరాల కాలంనాటి బరువైన లెన్సును బిగిస్తాం. రింగును వేళ్ళతో తిప్పుతూ, కంటితో చూస్తూ, ఎదుటి మనిషి కనురెప్ప వెంట్రుకలు తేటపడిన చోట ఆగాలి. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, ముక్కు తేటగా వచ్చి కళ్ళు మసకబారతాయి. ఫోనుతో చిటికెలో అయ్యే పనికి ఇంత అవస్థ ఎందుకని అడిగేవాళ్ళతో నేను వాదన పెట్టుకోను. కుదిరిన రోజున వచ్చే ఆ సంతోషం వాళ్ళకెట్లా చెప్పేది?

ఇల్లు బళ్ళారిలో, ఉద్యోగం తోరణగల్లు స్టీలు ప్లాంటు ల్యాబులో. కంపెనీ బస్సులో పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నా ఫోనంతా గుంపుదే. ప్రతి సోమవారం ఫొటోలకు అంశంగా ఒక మాట ఇస్తాను. ఒక వారం తుప్పు, ఒక వారం ఆరేసిన బట్టలు, ఒక వారం అమ్మ చేతులు. దాన్ని బట్టి హొసపేట, ఆదోని, గుంతకల్లు, రాయచూరు వాళ్ళంతా ఫొటోలు తీసి పెడతారు. తెలుగులో రాసేవాళ్ళు తెలుగులో, కన్నడంలో రాసేవాళ్ళు కన్నడంలో, తిట్టుకునేటప్పుడు మాత్రం రెండూ కలిపి. ఎవరి ఫొటో కిందా ఖాళీగా ఉండకూడదని నాకు పట్టుదల. ఎవరూ ఏమీ అనకపోతే ఆ మనిషి మళ్ళీ రాడు. ఫోనులో రీల్స్ మోజులో పడి కనబడకుండా పోయినవాళ్ళకు ఫోను చేసి, “ఏమప్పా, కెమెరా తూకానికి వేసేసినావా?” అని అడుగుతాను. సిగ్గుపడి ఆ వారమే ఒక ఫొటో పెడతారు.

గుంపు మొదలుపెట్టింది మాత్రం నేను కాదు. కంటోన్మెంట్‌లో ఉండే ఒక పెద్దాయన, రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. తాతల కాలం నుంచి మిషను చర్చి కుటుంబం. వెబ్‌సైటు ఆయన పేరు మీదే ఉంది, పాస్‌వర్డులూ ఆయన దగ్గరే. ఫోకస్ విషయంలో చండశాసనుడు. “ముక్కుకు పట్టినావు కదప్పా ఫోకస్సు, మనిషి ముక్కుతో చూస్తాడా?” అని రాస్తారు. తిట్లు తిన్నవాళ్ళు మరుసటి వారం ఆయన ఒక్క “బాగుండాది” కోసం మళ్ళీ తీసి పెడతారు. నేనూ అంతే.

మా గుంపుకు ఒక ఆచారం ఉంది. అందరికీ కలిపి ఒక లెన్సు, సోవియట్ కాలంనాటిది. నెలకొకరి ఇంట్లో ఉంటుంది, అందుకే దాన్ని తిరిగే లెన్సు అంటాం. కొరియరులో పంపకూడదు, బస్సు కండక్టరు చేతికి ఇవ్వకూడదు. ఇచ్చేవాళ్ళయినా పోవాలి, పుచ్చుకునేవాళ్ళయినా రావాలి. అట్లా ఒకరి ఇంట్లో ఒకరం టీ తాగాం కాబట్టే ఈ గుంపు నిలబడింది, లేకపోతే ఎప్పుడో పోయేది. ఇంకో కట్టుబాటు పెద్దాయన పెట్టింది. తిరిగే లెన్సు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మన సొంత లెన్సులు బీరువాలోనే ఉండాలి. ఒక గాజుకు కన్ను అలవాటు పడాలంటే ఇంకో గాజు ముట్టుకోకూడదని ఆయన వాదన. అందరికంటే గట్టిగా పాటించేది కూడా ఆయనే.

పోయిన ఎండాకాలం పెద్దాయనకు శుక్లాల ఆపరేషన్ అయింది. కోలుకున్నాక లెన్సు వంతు ఆయనకు వచ్చింది. గుంపులో నేను యశ్వంతనగర్ తమ్ముడు అని పిలిచే కుర్రాడు, ఖనిజం లారీలు తూచే కాటా దగ్గర పనిచేసేవాడు, స్వయంగా తెచ్చి ఇచ్చి పోయాడు. ఆపరేషన్ తర్వాత ఆయన తీసే ఫొటోల కోసం అందరం కాచుకుని ఉన్నాం. ఒక్కటీ రాలేదు. వారం వారం నేను ఇచ్చిన అంశాలు వచ్చి పోయాయి, ఆయన పలకలేదు. చివరికి ఒక రోజు బస్సులో ఉండగా ఆయన రాసింది చూశాను.

“ఇది కంటితో ఫోకస్ చేసేవాళ్ళ గుంపు. నా కన్ను పోయింది. ఆపరేషన్ పనికి రాలేదు. నెలాఖరుకు గుంపు మూసేస్తాండా. ఎవరి ఫొటోలు వాళ్ళు దించుకోండి.”

దాని కింద మావాళ్ళు వరసగా దండాల బొమ్మలు పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి చచ్చిపోయినట్టు దండాలేంది? ఒక్కడైనా “ఎందుకు సార్” అని అడగడా?

తర్వాతి వంతు నాదే. ఆదివారం చర్చి విడిచే వేళకు ఆయన ఇంటికి పోయాను. ఆయన భార్య, మా అందరికీ ఆంటీ, టీ పెట్టారు. పెద్దాయన లెన్సును గుడ్డలో చుట్టి బల్ల మీద సిద్ధంగా పెట్టుకున్నారు.

“తీసుకో పాపా,” అన్నారు. నాకు నలభై దాటి చాలా ఏళ్ళయినా ఆయనకు పాపనే.

“డాక్టరు ఏమన్నాడు సార్?”

“అక్షరాల అట్ట చూపిచ్చినాడు, చదివినా. బాగుండాది పో అన్నాడు. అక్షరాలు చదివేది వేరే, ఫోకస్ పట్టేది వేరే. రింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పినా, ఏదీ తేటపడదు. అంతా పొగ.”

“ఫొటోలు నేను చూస్తిని కదమ్మా, బాగానే ఉండాయి,” అన్నారు ఆంటీ వాకిలి దగ్గర నుంచి.

“ఆమెకు నేను తీసిందంతా బాగుంటాది,” అన్నారాయన. ఆ మాట నవ్వుతూ అనలేదు.

“మూసేదెందుకు సార్? నాకియ్యండి, నేను నడుపుతా.”

“నువ్వు నడుపుతావు, నాకు తెల్దా? కానీ నువ్వు ఫొటోలు పెడ్తాంటే, అందరూ బాగుంది బాగుంది అంటాంటే, అది బాగుందో లేదో తెలీకుండా నేను ఈడ కూర్చుని వినాల. అది నాతో కాదు పాపా. బిడు, ఇంక సాకు,” అన్నారు. ఇక చాలు, వదిలెయ్యమని.

ఎవరినైనా నోటితో గెలుస్తానని పేరున్నదాన్ని, లెన్సు సంచిలో వేసుకుని లేచాను. ఈ మనిషి కంట్లో పడి బాగుపడినవాళ్ళం మేమంతా. ఆయన్ను బయట పెట్టి గుంపు నడిపితే అదేం గుంపు?

ఇంటికొచ్చి, భోజనం కూడా చేయకుండా, లెన్సు కెమెరాకు బిగించాను. మా ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఆయన మీసానికి ఫోకస్ పట్టబోయాను. తిప్పాను. మళ్ళీ తిప్పాను. మధ్యలో పొగమంచు, అంచులు సుడి తిరిగినట్టు. నాకూ చత్వారం వచ్చేసిందా? ఇంక నేనూ దండాల బొమ్మలు పెట్టించుకోవలసిందేనా?

“ఏమాయె?” అన్నాడు మా ఆయన.

“నీ మీసం కనపడలేదు,” అన్నాను.

“గీయించుకున్నానా ఏంది?” అని తడుముకున్నాడు.

భయం కాసేపే. తర్వాత కోపం వచ్చింది. కోపంలో కట్టుబాటు గిట్టుబాటు ఏమీ గుర్తుండవు నాకు. బీరువా తీసి, నా సొంత లెన్సు తెచ్చి బిగించాను. అంతే! మీసం వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. నా కంటికి ఏ రోగమూ లేదు. అట్లాంటప్పుడు పెద్దాయన కంటికి మాత్రం ఉందని ఎవరు చెప్పారు? ఆయన కట్టుబాటు మీరడు. బీరువా తెరవడు. ఇంకో లెన్సు పెట్టి చూసుకోనే లేదు మహానుభావుడు!

తిరిగే లెన్సును ట్యూబ్‌లైటు కిందకు తెచ్చి, ముందు గాజులో వెలుతురు ఎట్లా పడుతోందో చూశాను. ఉబ్బెత్తు వైపు బయటికి ఉండాలి. ఉబ్బెత్తు లోపలికి ఉంది, గుంట బయటికి ఉంది. ఎవరో విప్పి, తుడిచి, గాజును తిరగేసి పెట్టారు. ల్యాబులో పారేసే రబ్బరు బిరడాలు ఇంటికి తెచ్చుకునే దురలవాటు నాకుంది. ఒకటి ముందు రింగుకు అదిమి పట్టి తిప్పితే ఊడొచ్చింది. గాజును గుడ్డతో పట్టుకుని, తిరగేసి, పెట్టి, బిగించి, మా ఆయన వైపు చూశాను. మీసం దివ్యంగా ఉంది.

వెంటనే యశ్వంతనగర్‌కు ఫోను కొట్టాను. “ఏమప్పా, లెన్సు విప్పినావా?”

“హౌదక్కా,” అన్నాడు వాడు ఉత్సాహంగా. “ఈడ కాటా కాడ ఎర్ర దుమ్ము తెలుసు కదా. ఊరికే పైపైన తుడిచి ఇస్తే పెద్దాయనకు మర్యాద ఉండదని, లోపల దాకా కడిగి ఇచ్చినా. ఎట్లుండాది?”

“నీ మర్యాద తగలెయ్య! గాజు తిరగేసి పెట్టినావు. ఆయన కళ్ళు పోయినాయని కూర్చున్నాడు.”

వాడు లారీల మోతకు దూరంగా జరిగాడు. “అక్కా, చెప్పొద్దక్కా ఆయనకు,” అన్నాడు.

“చెప్తా. చెప్పకపోతే ఆయన తన కన్నునే తిట్టుకుంటాడు. నిన్ను తిడితే తిట్టనీ, నువ్వు తట్టుకుంటావు.”

స్కూటీ తీసి మళ్ళీ కంటోన్మెంట్‌కు పోయాను. పెద్దాయన వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నారు. నా చేతిలో కెమెరా చూడగానే ముఖం తిప్పుకున్నారు.

“నక్కో పాపా, వద్దు. ఒకసారి ఇచ్చేసినా కదా.”

“ఊరికే చూడండి సార్. ఇప్పుడేమీ అడగొద్దు.”

“ఏంది చూసేది? నాకు కనపడ్తాందా?”

“నా కోసం చూడండి. ఇంక జన్మలో ఏమీ అడగను మిమ్మల్ని.”

నా మొండితనం ఆయనకు తెలుసు. విసుక్కుంటూ కెమెరా అందుకున్నారు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. ఆయన వేళ్ళు రింగు మీద కదిలాయి. ముందుకు పోయాయి, వెనక్కి వచ్చాయి, మళ్ళీ కాస్త ముందుకు. ఆగాయి. ఆయన కెమెరా దించలేదు.

“పాపా,” అన్నారు చివరికి. “నీ చెంపల కాడంతా తెల్ల ఎంట్రుకలు. ఎప్పుడొచ్చినాయి ఇన్ని?”

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ముందు గాజు తిరగేసి పెట్టినారు సార్. మీ కన్ను కాదు, గాజు. యశ్వంతనగర్ తమ్ముడు మీ కోసమని కడిగి...”

ఆయన వినిపించుకోలేదు. తమ్ముడు బతికిపోయాడు. “కంటి కింద గీతలు గూడా పడినాయే. ఏమే, ఇట్ల రా, చూడు,” అని ఆంటీని పిలిచారు. ఆంటీ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆయన కెమెరా మాత్రం కంటి దగ్గర నుంచి తీయనే లేదు.

“మూసేస్తానని రాసినా కదా, అది నువ్వే తీసెయ్ పాపా. పాస్‌వర్డు ఆంటీ ఇస్తాది. నాకిప్పుడు పనుండాది.”

నా వయసు గురించి ఇంకెవరైనా అట్లా అని ఉంటే అక్కడే కడిగేసేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం స్టూలు జరుపుకుని, ముఖం ఎండకు తిప్పి, “బాగా చూడండి సార్, ఇంకేమేం కనపడ్తాయో చెప్పండి,” అన్నాను.