ముందు ఊరు అడగాలి

వెనక మూత విప్పగానే తుమ్ములు అందుకున్నాయి. పేరు పలక ఊడిపోయిన ఆ పాత చెక్క టీవీలోంచి మిరప ఘాటు గుప్పుమంది. కళ్ళు తుడుచుకుని చూస్తే, బల్ల అవతల సుబ్బరత్నం గారు నా ముఖంలోకే చూస్తున్నారు. ఆవిడది పొదిలి. వాళ్ళ నాన్నగారు పోయేదాకా ఆయన గదిలోనే ఉన్న టీవీని, పోయినేడు ఇల్లు సర్దుతూ తమ్ముడు పాత సామాన్లవాడికి వేసేశాడట. అప్పటినుంచీ వెతుకుతున్నారు. పెదకాకానిలో ఒక కొట్టులో ఇది కనబడితే కొని, మంగళగిరిలో నా రిపేరు షాపుకి తెచ్చారు.

"ఇది మా నాన్నదేనా అమ్మా?" అన్నారు. ఔననమని ఆ గొంతే బతిమాలుతోంది.

నాకు ఖాసింబీ గారు గుర్తొచ్చారు. గుంటూరులో ఆవిడ షాపులోనే నేను పని నేర్చుకున్నాను. పెద్ద గొంతు, తన మాటే నెగ్గాలనే పట్టుదల, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. పేరు లేని టీవీ వస్తే నేను లోపల కంపెనీ గుర్తు కోసం వెతికేదాన్ని. ఆవిడ నా చేతిలోని టార్చి లాక్కునేవారు.

"కొత్తమనిషి కనబడితే ముందేం అడుగుతావే?"

"మీదే ఊరండీ అని."

"దీన్నీ అదే అడుగు. పేరు తర్వాత చూద్దాం."

ఆవిడ లెక్కలో, టీవీ లోపల దూదిపోగులు చుట్టుకుంటే పత్తి జిన్నింగు మిల్లు పక్క ఇల్లు, తుమ్ములొస్తే మిరపకాయల ఇల్లు. అప్పుడప్పుడూ ఆవిడ లెక్క తప్పేది, కానీ గొంతు తగ్గేది కాదు.

ఒకాయన వచ్చి, తమ టీవీ తాతగారు సింగపూర్ నుంచి తెచ్చిందని కాగితం రాసిమ్మన్నాడు. ఆవిడ లోపలంతా చూసి, "మీ తాతగారు సింగపూర్ వెళ్ళారేమో గానీ, ఇది మాత్రం హైదరాబాదులో పుట్టిందండి" అన్నారు. ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. ఔనంటే ఏం పోయేదని నేను గొణిగాను.

"ఔనంటే పదిమందికీ చూపించుకుంటాడు. వాళ్ళలో తెలిసినవాడు ఒక్కడుంటే చాలు, పరువు పోతుంది. ఇప్పుడు నా మీద కోపమొచ్చింది, అంతేగా" అన్నారావిడ. ఆ మాటకు ఆ రోజు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆవిడంటే ఎంత ప్రేమో చెప్పలేను.

సుబ్బరత్నం గారు తెచ్చిన టీవీలో ఛానల్ తిప్పే నాబ్ వెనక గ్రీజులో ఎర్రటి పొడి కలిసి రాయిలా గట్టిపడి ఉంది. ఒక్క ఏడాదిలో పట్టింది కాదు.

"మీ ఇంట్లో మిరపకాయలు నిలవ చేసేవారా అండీ?"

"లేదమ్మా. మాకు పొగాకే."

"అయితే ఇది మీ నాన్నగారిది కాదండి. ఆయనది సరిగ్గా ఇలాంటిదే అయ్యుండొచ్చు. ఇది మాత్రం గుంటూరు వైపు మిరపకాయల ఇంట్లో చాలా ఏళ్ళు ఉంది."

సుబ్బరత్నం గారు తెర ముందున్న చెక్క తలుపుల్ని నెమ్మదిగా మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. నేను తల వంచుకుని వెనక మూత బిగించాను. చెప్పినందుకు మాత్రం చింత లేదు.

"నేను తీసుకెళ్ళనమ్మా" అన్నారు చివరికి. "ఆ ఇంటివాళ్ళ పిల్లలు కూడా నాలాగే వెతుక్కుంటున్నారేమో. వస్తే ఇవ్వు. మా నాన్నది కనబడితే నాకు ఫోన్ చెయ్యి."

అది ఇప్పుడు నా షాపులో గుమ్మానికి ఎదురుగా ఉంది. ఏ కంపెనీదని వచ్చినవాళ్ళు అడుగుతారు. పేరు తెలియదండి, ఊరు గుంటూరు అంటాను. అని, మీదే ఊరండీ అని అడుగుతాను.