గోడకానుకో

మాది పెనుకొండ పక్కన పల్లె. నాయన, అన్న, నేను బావులు తవ్వి బతికేవాళ్లం. అన్న లోపల గడ్డపారతో తవ్వుతుంటే నేను పైన గట్టు మీద నిలబడి మట్టి తట్టలు లాగేవాణ్ణి. పై నుంచి రాయి జారితే "గోడకానుకో" అని నేను అరవాలి. తలెత్తి చూడకుండా, ఎందుకని అడగకుండా అన్న గోడకు అతుక్కుపోవాలి. రాయి నడిమధ్యలో పడేది. ఆ ఒక్క మాటతో అన్న ఎన్నిసార్లు బతికాడో లెక్క లేదు.

యుద్ధం రోజుల్లో వానలు ముఖం చాటేశాయి. బావులు తవ్వించే నాథుడే లేడు. హిందూపురం సంతలో ఒక మేస్త్రీ, ఉత్తరాన మంచుకొండల్లో రోడ్డు పని ఉందని ఊరించాడు. "బతికుంటే బలుసాకు తినొచ్చు, పోవద్దండి నాయనా" అంది అమ్మ. బలుసాకు కూడా ఎండిపోయిందని ఎగతాళి చేసి, అన్నను రైలెక్కించింది నేనే.

అక్కడ రోడ్డు మీద పడ్డ మంచును పారలతో లోయలోకి ఎత్తిపోయాలి. రోడ్డుకు ఒక పక్క లోయ, రెండో పక్క కొండను తొలిచిన రాతి గోడ, దాని పైన మంచు వాలు. మూడు రోజులు ఎడతెరిపి లేకుండా మంచు కురిసి, గాలి వీచి, ఎండ కాసింది. అన్న ఆ వాలు మీద మోకాలి లోతు గుంట తవ్వి చూశాడు.

"పైన పెచ్చు గట్టిగా ఉండాది. అడుగునంతా రవ్వే, పిడికిట్లో నిలవదు. ఇది బావైతే నాయన మనల్ని దింపడు" అన్నాడు.

మేస్త్రీకీ అదే చెప్పాడు. "నిన్నా మొన్నా మంచు చూసినోడివి, నాకు చెప్తాండావా" అని మేస్త్రీ నవ్వి మళ్లీ పనిలోకి తోలాడు. వాడి మీద నాకు ఇప్పటికీ మంటే.

మధ్యాహ్నం పైన దబ్బుమని చప్పుడైంది. వాలుకు అడ్డంగా పగులు పడి, పెచ్చంతా ఒక్కసారిగా కదిలింది. నేను ఆ వాలు దాటి మలుపు దగ్గర ఉన్నాను. వాలు కింద రోడ్డు మీదున్న అన్న పార పడేసి నా వైపు పరుగెత్తాడు. ఇంకో పది అడుగులు వేస్తే చాలు. నేను నోరు మూసుకుని ఉంటే బతికేవాడు.

"అన్నా, గోడకానుకో" అని అరిచాను.

అన్న ఆగాడు. తలెత్తి చూడలేదు. రాతి గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. మంచు రాయిలా నడిమధ్యలో పడి ఊరుకోలేదు, రోడ్డును గోడ అంచుదాకా నింపేసింది. పొడవాటి ఇనప కడ్డీలతో గుచ్చి గుచ్చి వెతికి, మర్నాడు బయటికి తీశాం. నిలబడే ఉన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. "ఆఖర్న నీతో ఏమన్నా మాట్లాడినాడా నాయనా?" అని అడిగింది.

ఏమీ మాట్లాడలేదన్నాను. అది అబద్ధం కాదు. మాట్లాడింది నేను. అన్న నా మాట విన్నాడు.