క్రాస్ కొట్టిన ఓడ

రియాద్‌లో సులై వైపు వస్తే గోదాముల మధ్య మా వర్క్‌షాపు ఉంటుంది. అక్కడ మేం రేకుతో డక్టులు చేస్తాం. మాల్‌లోనో ఆసుపత్రిలోనో తల మీద నుంచి చల్లగాలి వస్తుంటే అదంతా ఏసీ గొప్పతనం అనుకుంటారు జనం. ఆ గాలిని మోసుకొచ్చే రేకు గొట్టం సీలింగ్ పైన ఎవరికీ కనపడకుండా ఉంటుంది. దాన్ని చేసేది మేము. ఈ మాట చెప్పుకోవడం నాకిష్టం. ఊరికి వెళ్ళినప్పుడు కూడా చెబుతాను, విననివాళ్ళకు మళ్ళీ చెబుతాను.

మా పనిని పాస్ చేసే ఇన్‌స్పెక్టర్ ఇంగ్లండు నుంచి వచ్చిన పెద్దాయన. మేం ముసలి సాబ్ అనేవాళ్ళం. డక్టు పక్కన నిలబడి వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. రేకు డబడబా మోగిందా, ఇక మా పని అయిపోయినట్టే. "ఆవాజ్ నహీ మాంగ్తా" అనేవాడు. మోత వద్దు, మళ్ళీ చెయ్యి అని. మోగకపోతే నోరు విప్పకుండా పక్క డక్టు దగ్గరికి నడిచేవాడు. ఆ నడకే పాస్. బాగుందనే మాట ఆయన నోట మేమెవరం వినలేదు.

వెడల్పాటి రేకు మోగకుండా ఉండాలంటే ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు సన్నగా మడత పడేలా వంచాలి. దాన్ని క్రాస్ కొట్టడం అంటాం. క్రాస్ పడితే రేకు బిగుసుకుంటుంది, గాలి ఎంత తోసినా ఉబ్బదు, అణగదు. ఆయన వచ్చిన కొత్తలో క్రాస్ సరిగ్గా లేదని ఎన్ని వెనక్కి పంపాడో! నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి కత్తెర విసిరేసి వెళ్ళి బయట చాయ్ కొట్టు దగ్గర కూర్చున్నాను. ఆయన వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు, తనూ ఒక చాయ్ తాగాడు, తిట్టలేదు, బతిమాలలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక లేచి "చలో" అన్నాడు. ఏం చేస్తాను, వెనకే నడిచాను.

అప్పటినుంచి చాయ్ వేళకు మా దగ్గరే కూర్చునేవాడు. కొంచెం హిందీ, కొంచెం అరబ్బీ, మిగతాది ఇంగ్లీషు, అదీ చాలకపోతే చేతులు. నాకు అర్థమైనంత మా జోడీకి తెలుగులో చెప్పేవాణ్ణి. జోడీ అంటే నా పక్కన రేకు కోసేవాడు, జగిత్యాల దగ్గరివాడు, నన్ను అన్నా అంటాడు గానీ ఒక్క మాటా పడడు.

సాబ్‌కు ఎప్పుడూ ఒకటే కథ, వాళ్ళ తాత పనిచేసిన యుద్ధనౌక. డిస్ట్రాయర్లనే రకం కొత్తగా కడుతున్న రోజుల నాటిది. చిన్న పడవలు దొంగచాటుగా వచ్చి పెద్ద నౌకల మీద టార్పెడోలు వదిలి పారిపోతుంటే, వాటిని తరిమి పట్టుకోవడానికి కట్టారట. తాత దాని అడుగున బాయిలర్లకు బొగ్గు వేసేవాడు. వేగం కావాలంటే బరువు తగ్గాలి, బరువు తగ్గాలంటే రేకు పలచబడాలి. "కిత్నా పత్లా?" అని అడిగాను, ఎంత పలచన అని. ఆయన మా బెంచీ మీది ముక్కల్లో అన్నిటికంటే మందమైనది తీసి, ఇలాంటివి రెండు మూడు కలిపితే అంతే అని వేళ్ళతో చూపించాడు. సముద్రానికీ మనిషికీ మధ్య అంతేనా! నేనూ మావాడూ మొహాలు చూసుకున్నాం. ఆ క్షణం నుంచి అది మా ఓడ అయిపోయింది.

దానికి నాలుగు పొగగొట్టాలు. ముందుభాగం తాబేలు వీపులా గుండ్రంగా ఉండేదట, అలలు ఎక్కి జారిపోవాలని. అవి జారేవి కావు, తిన్నగా లోపలికొచ్చి పడుకున్నవాళ్ళను లేపేవి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఓడ పాతబడింది. ముందు వరసలో కొత్త ఓడలు నిలిచాయి. దీనికి రేవు దగ్గర కాపలా, సరుకు ఓడలకు తోడు వెళ్ళడం, తీరం వెంట జలాంతర్గాముల కోసం గాలించడం. ఒకసారి మునిగిపోతున్న సరుకు ఓడ మనుషులను ఎంతమందిని ఎక్కించుకుందంటే, సొంతవాళ్ళకు నిలబడే చోటు లేకపోయిందట. యుద్ధం ముగిశాక తుక్కు కింద అమ్మేశారు. ఒక్క మేకు కూడా మిగల్లేదు. తాత మాత్రం బతికి వచ్చాడు, చెవుడుతో.

"కోయీ నహీ దేఖా" అనేవాడు సాబ్. ఆ పని ఎవరూ చూడలేదని. ఆ గొంతులో బాధ ఉండేది కాదు, గర్వం ఉండేది. సీలింగ్ పైన పనిచేసే మాకు ఆ గర్వం బాగా తెలుసు.

సాబ్‌కు ఫైనల్ ఎగ్జిట్ వచ్చిందని, ఇక తిరిగిరాడని తెలిసినప్పుడు ఆఫీసులో ఏదో అద్దాల బహుమతి కొందామన్నారు. నేను ఊరుకోలేకపోయాను. ఆయన ఓడను మేమే చేసి ఇస్తామని అందరి ముందూ అనేశాను. మా సూపర్‌వైజర్ హైదరాబాదీ, నవ్వాడు.

"ష్యూరా? లాస్ట్ మినిట్‌ల హ్యాండియ్యొద్దు మల్ల. నేనైతే వేరే గిఫ్ట్ కొనను."

ఇక ఓడ తప్పితే ఆయన చేతిలో పెట్టడానికి ఏమీ లేదు. మా షాపు పరువు మొత్తం నా నోటి దురుసు మీద వేలాడింది.

శుక్రవారాలు సెలవు మానుకుని చేశాం. ఆయన ఫోనులోని పాత ఫొటో ఏదో సాకుతో అడిగి తీసుకున్నాను. వెల్డింగ్ ముట్టలేదు, అన్నీ మడతలూ రివిట్లే, అసలు ఓడ కూడా రివిట్లదే కదా. తాబేలు వీపు వంచడానికి మావాడు ఎన్ని ముక్కలు పాడుచేశాడో, చివరికి అద్దంలా తెచ్చాడు. ఓడ రెండు పక్కల రేకులు నావి. పక్కటెముకల్లాంటి పట్టీల మధ్య ఒక్కొక్కటే బిగించి అంచులు మూసేశాను. వీడ్కోలు మర్నాడు. మావాడు పొగగొట్టాలు పట్టుకొచ్చి ఓడ ముందు ఆగిపోయాడు.

"ఏందన్నా గిది? ఓడకు క్రాస్ కొట్టినవ్!"

చూశాను. ప్రతి రేకు మీదా క్రాస్. ఈ చివర నుంచి ఆ చివరి దాకా, డక్టుకు కొట్టినట్టే, చక్కగా, సమంగా. ఫొటోలో ఓడ పక్కలు నున్నగా ఉన్నాయి.

"నేను కొట్టలే తమ్మీ. చెయ్యి కొట్టింది."

"చెయ్యి ఎవలిదే మరి?"

"ఆ ముసలాయనది! ఇన్నేండ్లు క్రాస్, క్రాస్ అని పానం తిన్నడు గదా. ఇగ చూసుకోమను."

కోపంగా అన్నాను గానీ ఏడుపు ముంచుకొచ్చింది. అంచులు విప్పితే రేకు చిరిగిపోతుంది, మళ్ళీ చేసే వ్యవధి లేదు.

"రంగు మందంగ కొడితే దాగదా అన్నా?"

"ఆయన కండ్లకు దాగుతదా?"

అయినా బూడిద రంగు వేశాం. దాగలేదు సరికదా, ఇంకా బాగా తేలాయి.

మర్నాడు మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యాక అందరూ షాపులో చేరారు. నేను గుడ్డ తీశాను. సాబ్ వంగి పొగగొట్టాలు చూశాడు, తాబేలు వీపు నిమిరాడు, పక్కల దగ్గర ఆగాడు. "ఈ ఎక్స్‌లేంది?" అని సూపర్‌వైజర్ గొణిగాడు. నేను తల దించుకున్నాను.

అప్పుడు టక్‌మని వినిపించింది. తలెత్తితే సాబ్ మోకాళ్ళ మీద కూర్చుని వేలి కణుపుతో ఓడను తడుతున్నాడు, చెవి ఆనించి. రేకు మోగలేదు. పక్క రేకుకు జరిగాడు. అదీ మోగలేదు. అలా ఒక పక్కంతా అయ్యాక చుట్టూ తిరిగొచ్చి రెండో పక్క కూడా తట్టాడు.

లేచి నిలబడి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు, నేను మావాడికి చెప్పాను. పెద్ద అలలు కొట్టినప్పుడు ఆ ఓడ రేకులు పట్టీల మధ్య లోపలికీ బయటికీ ఊగేవట. అడుగున బొగ్గు వేసేవాళ్ళకు ఆ మోతలో పక్కవాడి కేక కూడా వినపడేది కాదట. రేవుకు చేరేసరికి ఓడ పక్కలు బక్కచిక్కిన ఆవు డొక్కల్లా అయ్యేవి. సుత్తులతో సాపు చేసి మళ్ళీ పంపేవారు, మళ్ళీ అదే మోత.

"ఆ ఓడ కట్టినచోట మీరు ఉండుంటే మా తాతకు చెవుడు వచ్చేది కాదు" అన్నాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. అలాంటి మాట విని వచ్చిన నీళ్ళను దాచుకోవడం దేనికి?

ఎయిర్‌పోర్టుకు వెళ్ళే కారులో ఓడను డిక్కీలో పెడతామంటే ఆయన ఒప్పుకోలేదు. వెనక సీట్లో కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు గేటు దాటేటప్పుడు దాని వెనక అద్దంలోంచి చూశాను, ఇంకా దాన్ని తట్టి వింటూనే ఉన్నాడు.