రాబర్ట్ గారి కోడలు

మలేషియా తెలుగువాళ్లలో ఇంగ్లీషు పేరుంటే క్రైస్తవులేనని మావాళ్లు తేల్చేస్తారు. నేనొప్పుకోను.

క్లాంగ్ వెళ్లే రైల్లో నా పక్కన నిలువు బొట్టుతో ఒక పెద్దావిడ, ఎదురుగా ఆవిడ కొడుకు కూర్చున్నారు. మనవడి బారసాల మీద ఇద్దరికీ వాదన.

"మా మాంగారి పేరే ఎట్టాలి," అంటుందావిడ.

"ఏం పేరండీ?" అన్నాను. ఆవిడ నోరు విప్పకుండా కొడుకు వైపు చూసింది.

"రాబర్ట్, ఆంటీ. రబ్బరు తోట దొర పేరు మా తాతకి ఎట్టినారు. నా కొడుకుని బడిలో ఎక్కిరిస్తారు లా," అన్నాడతను, మలేషియా వాళ్ల అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

నేనూరుకుంటానా? అది పాత జర్మన్ పేరనీ, నార్మన్లతో ఇంగ్లండు చేరిందనీ, అక్కణ్ణుంచి దొరలు దేశదేశాలకూ మోసుకెళ్లారనీ చెప్పి, "ఇందులో మీదేముందండీ?" అన్నాను.

"ఎవలదైతే నాకేటి? మాంగారి పేరు కోడలి నోట రాకూడదు. పెళ్లయిన కాడ్నించి నేననలేదు," అందావిడ.

"మరి మనవడికి అదే పెడితే?"

ఆవిడ జవాబిచ్చేలోగా క్లాంగ్ వచ్చింది. ఇద్దరూ దిగిపోయారు. ఎక్కడి జర్మన్ పేరుకో మన మామగారి మర్యాద ఎలా అంటుకుందో నాకిప్పటికీ అంతుబట్టదు. ఇంతకీ ఆవిడ గెలిచి ఆ పేరే పెట్టించి ఉంటే, ఆ పిల్లాణ్ణి ఏమని పిలుస్తోంది?